అరోగరా అంటూ లాగిన తాడు

మా ఇంటి వెనక బడి మైదానంలో ఈ ఉదయం గడ్డి కోసే యంత్రం మొరాయించింది. పనివాడు తాడు లాగుతున్నాడు. అది సగం దాకా వచ్చి ఆగిపోతోంది. వంటింటి కిటికీలోంచి పెట్రోలు వాసన వచ్చింది. గరిటె పక్కన పెట్టి అలాగే కూర్చుండిపోయాను. తిరువళ్ళూరులో కాపురం పెట్టి ఇన్నేళ్ళయినా, సగంలో ఆగే ఆ తాడు చప్పుడు వింటే నా ప్రాణం పళ్ళిపట్టు దగ్గరి మా బావి గట్టుకు పోతుంది. అక్కడ సామ్యేలు మామ ఉంటాడు.

ఆయన మాకు చుట్టం కాదు. తిరుత్తణి బస్టాండు వెనక రేకుల కొట్లో పంపుసెట్టు ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ. ఆదివారం చర్చికి, తక్కిన రోజుల్లో ఎవరు పిలిస్తే వాళ్ళ బావికి పోయేవాడు. నేను బడి మొహం చూడలేదు. అక్షరాలు నాయన ఇంట్లోనే ఇసుకలో దిద్దించాడు. అమ్మ లేని ఇంట్లో నాయనకు రెండో చెయ్యి నేనే గనక, ఇంజను సంగతి మామ నేర్పాడు. “ఆడబిడ్డకు ఇదంతా యాడ తెలుస్తాదప్పా?” అని నాయన నసిగితే, “ఇంజనుకు ఆడా మగా తెల్దయ్యా. తాకే చెయ్యి మెత్తనా, మొరటా అనేదే తెలుస్తాది” అన్నాడు. ఆ మాటకు ఈనాటికీ ఆయనకు దండం పెట్టుకుంటాను.

మాది కిరసనాయిలుతో నడిచే చిన్న ఇంజను. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చాలి. ఆపినాక కిరసనాయిలు కుళాయి కట్టెయ్యాలి. లేకపోతే అది చుక్క చుక్కగా కారి సిలిండరు నిండుతుంది. నేను ఇంజను ఆపగానే తిరుత్తణి సామి కొండవైపు తిరిగి చేతులు జోడించడం మామ చూశాడు. “కుళాయి కట్టినాక దండం పెట్టుకో పాపా. సామి ఆమాత్రం కాచుకుంటాడు” అని నవ్వేవాడు.

డెబ్బైల చివర ఒక ఆడికృత్తిక, ఆ కొండకు కావళ్ళు మోసే పండగ. ఆ ఏడు వానల్లేవు. వరి పాలు పోసుకునే అదను. రెండు రోజులు కొండకు పోయొచ్చి వెంటనే నీళ్ళు పెడితే గింజ నిలుస్తుంది. నాయనకు కావడి మొక్కు ఉంది. బస్సు హారను వినిపించగానే ఇంజను ఆపి, పూలబుట్ట ఎత్తుకుని పరుగెత్తాను.

తిరిగొచ్చిన పొద్దున నాయన తాడు లాగితే చక్రం కదల్లేదు. నా కళ్ళు కుళాయి మీద పడ్డాయి. తెరిచే ఉంది. ఎవరూ చూడకుండా కట్టేశాను. అదే చేత్తో నోరు కూడా కట్టుకున్నాను. నాయన బావి గట్టుమీద కూలబడ్డాడు. “మెట్లకాడ కాళ్ళు తేలిపోతే దించగూడని కావడి దించినాను గదమ్మా. సామికి కోపమొచ్చింది” అన్నాడు. పక్క చేను అన్నలు ఇద్దరొచ్చారు. తాడుకు మోకు కలిపి, తేరు లాగినట్టు ముగ్గురూ వెనక్కు వాలారు. “అరోగరా!” అని, కావడి మోస్తూ సామిని పిలిచే కేకే పెట్టాడు నాయన. “అరోగరా!” అని నేనూ అరిచాను, అందరికంటే గట్టిగా. లోపల ఎక్కడో టక్కుమంది. చక్రం కొంచెం తిరిగి మళ్ళీ బిగుసుకుంది.

మామ మరుసటి మధ్యాహ్నం బస్సులో దిగాడు. తాడు జోలికి పోలేదు.

“ఎవురు లాగినారు?”

“ముగ్గురం లాగినామప్పా. సామిని తలుచుకునే లాగినాము” అన్నాడు నాయన.

“సామినొక్కణ్ణే లాగనిచ్చుంటే పోయుండేది గాదు” అని నవ్వి, స్పానరు నా చేతిలో పెట్టాడు. “ప్లగ్గు తియ్యి పాపా. ఇప్పుడు కండ్లు మూసుకుని చక్రం మెల్లిగా తిప్పు. గాలి బిగువైతే స్ప్రింగు మాదిరి ఎనక్కి తోస్తాది. నూనె నిండుంటే గోడ మాదిరి ఆపుతాది.”

తిప్పాను. ప్లగ్గు రంధ్రంలోంచి కిరసనాయిలు చిమ్మి నా పావడ తడిసింది.

“గోడ పోయింది. ఇప్పుడేం తగుల్తాంది?”

“ప్రతి చుట్టుకూ ఒకే చోట రాస్తాంది మామా.”

ఆయన ముఖంలో నవ్వు పోయింది. “లోపల పిస్టను కడ్డీ వంగింది. గాలిని నొక్కచ్చు, నూనెను నొక్కలేము. లాగకముందు ప్లగ్గు తీసుంటే కక్కేసి ఊరకుండేది.” కొత్త కడ్డీ మద్రాసు నుంచి రావాలి, వారం పైనే పడుతుంది అన్నాడు. నాయన చేనువైపు చూసి, “అంతా ఆ మెట్లకాడే అయిపాయ” అన్నాడు.

మామ కుళాయిని ఒక వేలితో తాకాడు, నన్ను చూశాడు. నాయన అవతలికి పోయాక చేతులు తుడుచుకుంటూ మెల్లిగా అన్నాడు: “నేను చెప్పను పాపా. అది నా నోట రావాల్సింది గాదు. ఆయన తప్పంతా తనమీదే ఏసుకుంటా ఉండాడు, దాన్ని నువ్వు దించాల. రేపు చెప్పు. లేదంటే ఎల్లుండి. నాళ్ళు గడిచేకొద్దీ బిగుసుకుంటాది.”

కడ్డీ వచ్చేసరికి వెన్నులు తెల్లగా పాలిపోయాయి. అన్నీ తాలు. పశువుల్ని చేల్లోకి తోలాము. నేను చెప్పలేదు. నాయన మళ్ళీ కొండెక్కలేదు. “నా మొహం సామికి చూపించలేనమ్మా” అనేవాడు. మరుసటేడు మామ ఒక్కసారి అడిగాడు, “చెప్పినావా?” లేదని తల అడ్డంగా ఊపాను. ఆయన స్పానరు అందించి, పని నేర్పడం సాగించాడు. అసహ్యించుకోని ఆ చెయ్యి నాకు పెద్ద దయ, పెద్ద శిక్ష కూడా. కొన్నేళ్ళకు నాయన పోయే ముందు కూడా ఆ మెట్ల మాటే ఎత్తాడు. ఆయన పాదాలు పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు మామ కూడా లేడు.

కంచె దగ్గరికి పోయి ఆ పనివాడితో అన్నాను, “లాగబాకు నాయనా. ముందు ప్లగ్గు తియ్యి.” తీసి తాడు లాగితే పెట్రోలు చిమ్మింది. ప్లగ్గు తుడిచి బిగించాక రెండో లాగుకే యంత్రం అందుకుంది. “నీకెట్ల తెలుసమ్మా?” అన్నాడు. “మా మామ నేర్పినాడు” అన్నాను.

లోపలికొచ్చి దీపం వెలిగించాను. మామ పేరు చెప్పి దండం పెట్టుకున్నాను. అది సులువుగానే వచ్చింది. తర్వాత, రోజూలాగే, నాయన పటం ముందు నిలబడ్డాను. “నాయనా, ఆ పొద్దు కుళాయి...” అన్నాను. మాట సగం దాకా వచ్చి ఆగిపోయింది.