బెంచీ మీది తువ్వాల

ఆ తువ్వాల సంగతి నేను అడగబట్టి చాలా ఏళ్లయింది. ఇప్పటిదాకా ఒక్కరూ సరైన జవాబు చెప్పలేదు. సూర్యాపేటలో అడిగితే నవ్వారు. కోదాడలో అడిగితే టీ ఇప్పించి మాట మార్చారు. మిర్యాలగూడలో అడిగితే "ఇంకా గదేనా?" అన్నారు. అదే. తేలని విషయం పాతబడినంత మాత్రాన తేలిపోదు.

తొంభైల మొదట్లో ఒక చలికాలం మా మూడు ఊళ్లవాళ్లం కొందరం కలిసి మద్రాసు నుంచి అండమాన్‌కు ఓడలో వెళ్లాం. తీసుకెళ్లింది ఒక కోదాడ ఆయన. ఏటా బస్సు మాట్లాడి జనాన్ని కాశీకి తిప్పుకొచ్చేవాడు. ఆ ఏడు ఓడ ఎక్కించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు యజమాని భార్యనూ ముసలి తల్లినీ వెంటబెట్టుకుని వచ్చాడు. సూర్యాపేట నుంచి నేనూ నా భార్యా. నాకు అప్పట్లో హైవే పక్కన సైకిల్ షాపు ఉండేది, దాని వెనకే ఇల్లు.

ప్రయాణం మూడు రోజులు. మాకు దొరికిన పడకలు ఓడ అడుగున ఉన్నాయి. మొదటి రోజంతా నా భార్య లేవలేదు. ఇంజను చప్పుడు, డీజిల్ వాసన, కొత్తగా వేసిన రంగు వాసన. నిమ్మచెక్క ముక్కు దగ్గర పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం ఒక్క మాట అంది: "రేపు జర పైకి తోల్కపో. గాలి తగిలే కాడ కూసుంట." పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నన్ను ఫలానాది కావాలని అడిగిన సందర్భాలు తక్కువ. అందుకే ఇంత చెబుతున్నాను.

రెండో రోజుకు సముద్రం నెమ్మదించింది. తెల్లవారగానే నేను ఒక్కణ్నే పైకి వెళ్లి చోటు చూశాను. చలికాలంలో పొద్దున కోదాడ బస్సు ఎక్కితే ఎడమ పక్కన కూర్చోవాలి; ఎండ కుడివైపు కిటికీల్లోంచి కొడుతుంది. ఓడ కూడా తూర్పుకే పోతోంది కనక లెక్క ఒకటే. ఎడమ పక్కన, కమ్మీకి దగ్గరగా, ఒకే ఒక చెక్క బెంచీ ఉంది. దాని మీద నా తువ్వాల పరిచి టీ కోసం కిందికి దిగాను.

తువ్వాల వేయడమంటే ఏమిటో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. సూర్యాపేట బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలో దస్తీయో లోపలికి పడేది. అది పడ్డ సీటు వేసినవాడిది. సారుదైనా, హమాలీదైనా ఒకటే. ఎంత రద్దీలోనైనా దాన్ని తీసి కూర్చున్నవాణ్ని నేను చూడలేదు. కూర్చుంటే తన్నులు తప్పేవి కావు.

టీ వరుసలో చాలాసేపు నిలబడి రెండు గ్లాసులు పట్టుకుని పడక దగ్గరికి వస్తే ఆమె లేదు. పైకి వెళ్లాను. బెంచీ నిండుగా ఉంది. మిల్లు యజమాని, ఆయన భార్య, చివర కునుకుతున్న ముసలమ్మ, నడుమ కోదాడ ఆయన. నా తువ్వాల మూడు మడతలు పెట్టి, కొస ముడి వేసి, కమ్మీకి కట్టి ఉంది.

"అన్నా, గీ బెంచి మీద నా తువ్వాల ఉండె," అన్నాను మిల్లు యజమానితో.

"ఉండొచ్చు. సముద్రంల గాలి ఎట్ల కొడుతున్నదో సూస్తలేవా?"

"గాలికి మడత పెట్టుడు గూడ వస్తదా?"

కోదాడ ఆయన నవ్వాడు. "ఏవండీ, ఇది ఆర్టీసీ బస్సు కాదండీ, ఓడ. కండక్టర్ని పిలవమంటారా?"

"తీసిందెవరో చెప్పుండ్రి సాలు."

"మేము వచ్చేసరికే అట్లున్నది," అంది మిల్లు యజమాని భార్య. "మా అత్తమ్మ అప్పటికే కూసొని ఉన్నది."

అరవాయనో బెంగాలీ ఆయనో తీసి ఉంటే నేను నోరు మెదిపేవాణ్ని కాదు. వాళ్లకేం తెలుసు? కానీ ఆ ముడి చూశాక నాకు అనుమానం లేకపోయింది. తెలియనివాడు తువ్వాలను పక్కకు విసిరేస్తాడు. మడత పెట్టి, ఎగిరిపోకుండా కట్టింది తెలిసిన మనిషి.

నా భార్య ఓడ వెనక భాగంలో తాళ్ల చుట్ట మీద కూర్చుని కనిపించింది. చల్లారిన టీ తాగింది.

"లే, నీ జాగ నీకు ఇప్పిస్త," అన్నాను.

"ఇగ ఊకోరాదు. గీడ మంచిగనే ఉన్నది. నువ్వు గూడ కూసో."

నేను కూర్చోలేదు. బెంచీ దగ్గరికి వెళ్లి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. లేచినప్పుడైనా అడుగుదామని. వాళ్లు లేవలేదు. పేక ముక్కలు తీశారు, పల్లీలు వలిచారు, పొట్టు నీళ్లలోకి ఊదారు. అన్నం వేళకు కూడా ఒకరు పోతే ఒకరు కూర్చున్నారు. ఎవరికీ ఏ తొందరా లేదు. మధ్యాహ్నం వెనకనుంచి కేకలు వినిపించాయి. చేపలు నీళ్లలోంచి లేచి పిట్టల్లా ఎగిరాయట. నేను తిరిగి చూసేసరికి నీళ్లే ఉన్నాయి. పొద్దు కూడా వెనకవైపే కుంకింది. ఎట్లున్నదని అడిగితే, "సెప్తె ఒడిసేది కాదు," అంది నా భార్య. ఆమె ముఖం తేటగా ఉంది. రాత్రి రెండు చపాతీలు తిన్నది.

తిరిగొచ్చాక నేను అందరినీ అడిగాను. ముసలమ్మను అడగడానికి పనిగట్టుకుని మిర్యాలగూడ వెళ్లాను. "నాకు కండ్లు సరిగ ఆనవు బిడ్డా. కాళ్లు వణుకుతుంటే ఎవరో ఆడామె చెయ్యి పట్టి కూసోపెట్టింది," అంది. మిల్లు యజమాని భార్య తాను కాదంది. అప్పుడు అంతకంటే ముందుకు పోలేదు.

మొన్న పెరట్లో దండెం కేసి చూశాను. హైవే లారీల గాలికి బట్టలు రోడ్డు మీదికి ఎగిరిపోతాయని మా ఇంట్లో ప్రతి తువ్వాలనూ మూడు మడతలు పెట్టి, కొస తీగకు ముడి వేస్తారు. వేసేది నా భార్య. ఆ ముడి నాకు తెలుసు.

వెళ్లి అడిగాను. "పొయ్యి మీద పాలున్నయ్," అని లోపలికి పోయింది. అది జవాబు కాదు.

కోదాడ ఆయనను మాత్రం నేను వదిలిపెట్టినట్టు కాదు. ముడేసిన తువ్వాల కళ్లెదుట ఉండగా కూర్చున్నాడు. ఆయన సంగతి వేరు. ఇది రాసి వంటింటి గూట్లో పెడుతున్నాను, నువ్వు చదువుతావని తెలుసు. ముసలమ్మకు చోటిచ్చింది నువ్వే అయితే ఆ పొద్దున్నే ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? నన్ను రోజంతా ఆ బెంచీ పక్కన ఎందుకు నిలబడనిచ్చావు? ఈసారి పాలు పొంగినా సరే, చెప్పి వెళ్లు.