మామ తవ్విన ఊరు

మా అమ్మకి ఒక్కడే తమ్ముడు. హుకుంపేట దగ్గర మా ఊళ్లో, కొండవాలు మీద చోళ్లూ సామలూ పండించేవాడు. రెండేళ్లు వరసగా వానల్లేక పంట పోయింది. అప్పుడు సంతకొచ్చిన మేస్త్రీ ఒకడు, బొగ్గుగనుల్లో పనుందని చెప్పి ఒరిస్సా వైపు పదిమందిని తీసుకుపోయాడు. వాళ్లలో మామ ఒకడు. నాకప్పటికి ఎనిమిదేళ్లు.

మూడేళ్లకి తిరిగొచ్చాడు. బస్సు దిగి ఊళ్లోకి ఎక్కే దారిలో నాలుగుసార్లు కూర్చుండిపోయాడు. దగ్గితే నల్లటి కఫం పడేది. ఆస్పత్రిలో బిళ్లలిచ్చారు. అవి వాడినా తగ్గలేదు.

గని అంటే నుయ్యిలాంటిదనుకున్నాను నేను. కాదన్నాడు మామ. అడవి కొట్టేసి, పైనున్న మట్టంతా ఎత్తిపోసి, కింద తేలిన బొగ్గుని లారీలకెక్కించేవారట. కుండలో నీళ్లమీద కూడా నల్లపొడి తేలేదట. ఇదంతా మామూలుగానే చెప్పేవాడు. ఒకరోజు పొద్దున్న అమ్మ అంబలి పోసిస్తే గిన్నె అందుకోలేదు.

“అక్కడో ఊరుండేదక్కా. మనలాటోళ్లే. ఆళ్ల సేలు, ఆళ్లు నీళ్లు ముంచుకునే గెడ్డ, ఆళ్లు మొక్కే రాయి, అన్నీ మేవే తవ్వీసినాం.”

“నువ్వు కాపోతే ఇంకోడు తవ్వీవోడు,” అంది అమ్మ.

“నానే తవ్వినాను గదా.”

అమ్మ గిన్నె అతని ముందు పెట్టి లేచిపోయింది.

నేను పదో తరగతిలో ఉండగా మా ఊరికి కరెంటు వచ్చింది. మగవాళ్లంతా స్తంభాలు మోసుకొచ్చారు. మోయలేని మామ గట్టుమీద కూర్చుని, ఈ కరెంటు దేంతో చేస్తారని లైన్‌మన్‌ని అడిగాడు. నీళ్లతోనూ చేస్తారు, బొగ్గు కాల్చీ చేస్తారన్నాడతను. తన ఇంటికి తీగ వద్దన్నాడు మామ. దగ్గుతో ఆ కిరసనాయిలు పొగలో ఎలా ఉంటావని అమ్మ చాలా తిట్టింది. నాకూ కోపమొచ్చింది. మాకు రాకరాక వచ్చిన వెలుగుని తప్పుపడుతున్నాడనిపించింది. వారం రోజులు అతని గుమ్మం తొక్కలేదు.

ఆ ఏడు చోళ్ల కోతలకి ముందే మామ పోయాడు. అతని చేను అమ్మా నేనూ కోశాం. మా ఇంట్లో బల్బు కింద చదివి నేను పరీక్ష పాసయ్యాను. తర్వాత మా ఊళ్లోనే ఉద్యోగమూ వచ్చింది.

ఆ తవ్వేసిన ఊరి పేరేమిటో మామని ఎప్పుడూ అడగలేదు. అక్కడివాళ్లు ఎటుపోయారో కూడా.