తొయ్యకుండా ఒంగోలు దాకా

మా బాబాయి తన పాత పెట్రోలు అంబాసిడర్‌ని తుక్కు కింద అమ్మేస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను డ్రైవింగు నేర్చుకున్నదే ఆ బండి మీద. వారం రోజులు బతిమాలితే ఒక షరతు పెట్టాడు. గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఎక్కడా తొయ్యకుండా నడిపితే బండి నాది, ఒక్కసారి తోసినా తుక్కుకే. సాక్ష్యానికి తానే పక్క సీట్లో కూర్చుంటానన్నాడు.

ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం ఎనిమిదిన్నరకి బయల్దేరాం. హైవే మీద కొత్త కారుకి రెండు గంటల దారి, పాత బండికి మూడు వేసుకోండి. యడ్లపాడు దాటాక రోడ్డు ఖాళీగా కనిపించేసరికి నాకు పూనకం వచ్చింది. స్పీడు ముల్లు తొంభై దాటింది. స్టీరింగు వణుకుతోంది, తలుపులు దడదడలాడుతున్నాయి. బాబాయి నెమ్మదిగా పొమ్మని గొణుగుతూనే ఉన్నాడు, నేను నవ్వుతూనే ఉన్నాను.

చిలకలూరిపేట దగ్గర, ముందు పోతున్న పత్తి లారీ ఉన్నట్టుండి రోడ్డు పక్క మిల్లు వైపు తిరిగింది. పత్తి కుక్కిన బోరాలు లారీకి రెండు పక్కలా పొంగి ఉండి రోడ్డంతా కమ్మేశాయి. బ్రేకు తొక్కాను. బండి ఆగకుండా ఒక పక్కకి లాగింది. గేర్లు దించుకుంటూ మట్టి అంచు మీదికి తిప్పితే, లారీకి మూరెడు దూరంలో ఆగి ఇంజను ఆరిపోయింది. నిజం చెప్పాలంటే పై ప్రాణాలు పైనే పోయాయనుకున్నాను.

ఇక తాళం తిప్పితే గరగరమంటుందే తప్ప అంటుకోదు. ఆ వేగానికి ఇంజను కాగిపోయి, దానికి పెట్రోలు అందించే పంపులోనే అది ఆవిరైపోతోంది. పాత బళ్లకి ఇది మామూలే. మిల్లు దగ్గరి హమాలీలు ఇద్దరు తోస్తామంటూ వచ్చి డిక్కీ మీద చేతులు వేశారు. తోస్తే పందెం పోయినట్టే. బాబాయి గబుక్కున దిగి వాళ్లకి అడ్డం వెళ్లాడు.

“తొయ్యొద్దయ్యా. కాసిని నీళ్లుంటే పట్రండి.”

భుజం మీది తువ్వాలు తడిపి, బానెట్ ఎత్తి పంపుకి చుట్టాడు. నావైపు చూడకుండానే, ఈసారి అరవై దాటితే దిగి బస్సెక్కుతానన్నాడు.

అరగంట ఆగి తాళం తిప్పగానే అంటుకుంది. హమాలీలు ఈలలు వేశారు. మార్టూరు, మేదరమెట్ల మీదుగా, కల్లాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటుకి తుమ్ముకుంటూ, ట్రాక్టర్లని తప్ప ఎవర్నీ దాటకుండా, పన్నెండున్నరకి ఒంగోల్లో దిగాం. ఊళ్లోకి పోతూ దారి పొడుగూతా హారన్ కొట్టాను. అంత సంతోషం నాకు ఏ కొత్త కారూ ఇవ్వలేదు.

పాత బండి ఇప్పటికీ పరిగెత్తగలదు, ఆగడమే దానికి కష్టం. ఆ సంగతి మరిచిపోతే బండితో పాటు పక్కనున్న మనిషి కూడా దక్కడు. ఇలా బయల్దేరేవాళ్లకి నా సలహా ఒక్కటే. ముందు పోయే బండికి మీరు మామూలుగా వదిలే దూరానికి రెండింతలు వదలండి. ఆ మధ్యాహ్నం ఒంగోల్లో భోజనాల దగ్గర బాబాయిని అడిగాను, గెలిచే పందేన్ని చేతులారా ఎందుకు పోగొట్టుకున్నావని.

“తుక్కువాడు వస్తానన్న రోజు నుంచీ నాకు నిద్ర లేదమ్మా” అన్నాడు.