సహోదరులకు మాత్రమే

ఉత్తరాది మంచుదేశంలో మా ఊరు. ఊళ్ళో పలకరింపులు రెండు. ఒకటి "దేవుని వందనం". విశ్వాసి విశ్వాసికి ఎదురైతే చెయ్యి కలిపి, కళ్ళలోకి చూసి చెప్పేది. రెండోది "పైవా". మా భాషలో పైవా అంటే పగలు, అంతే. అందులో ఇంకేమీ వెతక్కండి. పాల లారీ నడిపేవాడికి, పశువుల డాక్టరుకి, ఎన్నికలప్పుడు ఓట్లడగడానికి వచ్చేవాళ్ళకి పైవా. ఏ మాట ఎవరికి దక్కుతుందో నడక రాని పిల్లలకు కూడా తెలుసు. దేవుని వందనం దక్కవలసిన మనిషికి ఎవరైనా పొరపాటున పైవా అన్నారా, ఆ మనిషికి వారం రోజులు అన్నం సయించదు.

సైమా నుర్మెలా విషయంలో యాభై ఎనిమిదేళ్ళ దాకా ఎవరూ ఆ పొరపాటు చెయ్యలేదు. ఏటి ఒడ్డున చిన్న ఇల్లు, ఇంట్లో సగం మగ్గానికే సరి. ఊళ్ళోవాళ్ళ చిరిగిన దుప్పట్లు, పాత చొక్కాలు పేలికలుగా చీల్చి, నేల మీద పరిచే పట్టాలు నేసేది. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదమ్మా అంటే, "నచ్చినవాడు అడగలేదు, అడిగినవాడు పళ్ళు తోముకోలేదు" అనేది. నవ్వేసేవాళ్ళు. కానీ మాది ఇంటికి పదిమంది పిల్లలున్న ఊరు. ప్రార్థన మందిరంలో ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క బెంచీ చాలదు. సైమా ఎవరి బెంచీ చివర చోటుంటే అక్కడ, ఒక కాలు నడవలో పెట్టుకుని కూర్చునేది. అందుకే కాబోలు, వంటగదిలో కాఫీ కాచే పని ఒప్పజెబితే ప్రాణం లేచొచ్చింది. అక్కడ నిలబడాలి, కూర్చోవడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు.

ఆవిడకు ఒక అన్న, ఔలిస్. పెరడు ఒకటే, బావి ఒకటే. పెద్దింట్లో ఆయన, చిన్నింట్లో ఈవిడ. పదకొండు చలికాలాల క్రితం అడవిలో చెట్టు నరుకుతుంటే దుంగ పడి ఔలిస్ కాలు విరిగింది. నాలుగు నెలలు మంచం. పొద్దుపోక ఒక టీవీ తెప్పించుకున్నాడు. టీవీ మాకు పాపం. పెద్దలు నలుగురు వచ్చి కూర్చుని బుద్ధి చెప్పారు. క్షమాపణ అడిగి ఆ పెట్టెను బయట పడేస్తే అయిపోయేది.

"నేను చూసింది మంచు మీద పరుగుపందాలు. సైతాను అందులో పరిగెత్తుతుంటే నాకైతే కనబడలేదు" అన్నాడు ఔలిస్. ఈ నుర్మెలావాళ్ళకు నోరు ఎప్పుడు మూసుకోవాలో తెలియదు.

ఆ ఆదివారమే ఆయన విశ్వాసంలో లేడని తేల్చారు. మర్నాడు సహకార దుకాణంలో సైమాకు ఎదురయ్యాడు, చంకలో కర్రతో. దుకాణం నిండా జనం. అన్నను చెల్లెలు ఏమని పలకరిస్తుందా అని అందరి చెవులూ అటే. ఔలిస్ చెయ్యి చాచాడు. సైమా ఎడమ చేతిలోని సంచీని కుడిచేతిలోకి మార్చుకుంది. చెయ్యి ఖాళీ లేదన్నమాట. "పైవా" అంది.

ఔలిస్ చాచిన చెయ్యి ఏం చెయ్యాలో తోచక పక్క అరలోంచి ఈస్టు పొట్లం ఒకటి తీసుకున్నాడు. ఆయన జన్మలో రొట్టె కాల్చి ఎరగడు. తోడబుట్టిందే అలా అన్నాక మనదేముంది అని ఊరంతా పైవాకు దిగింది.

సైమా మనసులో అది తప్పన్న ఊహే లేదు. చిన్నప్పుడు నాన్నమ్మ దుకాణానికి పంపుతూ, "సహోదరులకు మాత్రమే వందనం, మిగతావాళ్ళకు పైవా, గుర్తుందా?" అని చెప్పి పంపేది. అది సాక్షాత్తూ ప్రభువు నోట వచ్చిన మాటేనని, కొండ మీద కూర్చుని చెప్పినవాటిలో ఒకటని ఆవిడ నమ్మకం. ప్రభువు మాటను తాను అక్షరాలా పాటించింది, అన్న పాటించలేదు. లెక్క తేలిపోయింది. శనివారం శనివారం సౌనా కాచి, ముందు తాను ఆవిరిస్నానం చేసి, పోతూ పోతూ అన్న కిటికీ మీద తట్టి "ఆవిరింకా ఉంది" అనేది. పైవా కాక వాళ్ళిద్దరి మధ్య మిగిలిన మాట అదొక్కటే.

సైమాకు యాభై ఎనిమిదేళ్ళు వచ్చిన ఏడు, వసంతంలో, ఏటి మీద మంచు పగులుతున్న రోజుల్లో, దిగువ ఊరి నుంచి తౌనో అనే ముసలి బోధకుడు వచ్చాడు. శత్రువులను ప్రేమించమన్న అధ్యాయం తీసుకుని వాక్యం వెంట వాక్యం చెప్పుకుపోతున్నాడు. సైమా వంటగదిలో కాఫీ గిన్నెల దగ్గర నిలబడి, గోడ మీది స్పీకర్లో వింటోంది. కాఫీ వాసన తగిలిందంటే మా బోధకులకు ప్రేరణ తగ్గిపోతుంది. ఎండ మంచివాళ్ళ మీదా చెడ్డవాళ్ళ మీదా ఒకేలా కాస్తుందనేదాకా వచ్చి, "ఈపూటకు ఇక్కడ ఆపుదాం" అన్నాడు తౌనో. అధ్యాయంలో ఇంకా రెండు మూడు వాక్యాలు ఉండిపోయాయి.

బోధకుడు మధ్యలో వదిలేస్తే మిగిలింది ఇంటికెళ్ళి చదువుకోవడం సైమాకు అలవాటు, కంచంలో మెతుకు మిగల్చకూడదన్నట్టు. కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. ఒకచోట ఆగింది. మళ్ళీ చదివింది. నాన్నమ్మ చెప్పిన మాట అక్కడే ఉంది, కానీ అది ఆజ్ఞ కాదు, ప్రశ్న. మీ సహోదరులకు మాత్రమే వందనం చెబితే మీరు చేసిన గొప్పేముంది, దేవుణ్ణి ఎరగనివాళ్ళు కూడా ఆ మాత్రం చేస్తారు కదా అని ప్రభువు అడుగుతున్నాడు. ఇన్నేళ్ళూ సగం వాక్యం పట్టుకుని బతికింది.

అంతటితో పోతే ఫరవాలేకపోయేది. కాసేపటికి ఇంకొకటి తట్టింది. దేవుణ్ణి ఎరగనివాళ్ళు కూడా తోడబుట్టినవాళ్ళను పలకరిస్తారట. తాను అదైనా చేసిందా? లేదు. ఆ మధ్యాహ్నం ఆవిడ మగ్గం ముందు కూర్చుని, ఒక్క పోగు నెయ్యకుండా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

సోమవారం హిల్యా పాతబట్టల మూట తెచ్చింది. సంఘ పెద్ద ఉర్హో భార్య, పదకొండుమంది తల్లి, సైమాకు చిన్ననాటి నేస్తం. సైమా ఆ వాక్యం చూపించింది.

"అయితే ఏమంటావే?" అంది హిల్యా.

"ఔలిస్‌కు దేవుని వందనం చెప్పాలంటాను."

"నీకు ఒంట్లో బాగుందా? నీ ఇష్టమొచ్చినట్టు చదువుకుంటే ఇలాంటి పెడర్థాలే తోస్తాయి. ఇన్నేళ్ళు ఇంతమంది చదవలేదూ?"

"చదివారు. కాఫీ వేళకు ఆపేశారు. నేను చివరిదాకా చదివాను, అంతే."

"చూడు సైమా, వాడు అడగని క్షమాపణ నువ్వు చేతిలో పెట్టి వస్తావా? వాడు విశ్వాసంలో ఉన్నట్టు నువ్వు సాక్ష్యం చెప్పినట్టే గదా! వాడికి మేలా అది?" హిల్యా గొంతులో కోపం లేదు, భయం ఉంది. "పెద్దలు నీ ఇంటికి కూడా వస్తారే. నాకు ఆ రోజు చూడాలని లేదు."

సైమాకూ లేదు. ఊళ్ళో అందరికీ పిల్లలున్నారు, మనవలున్నారు. తనకున్నది ఆదివారం గుమ్మం దగ్గర చాచిన ఆ చేతులు. ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి వారం రోజుల ఒంటరితనం కరిగేది. అది పోతే ఇంకేం మిగులుతుంది?

శనివారం సౌనా అయ్యాక కిటికీ తట్టలేదు. తడిజుట్టు మీద రుమాలు కట్టుకుని, మెట్లెక్కి తలుపు తీసింది. ఔలిస్ టీవీ ముందున్నాడు.

"దేవుని వందనం, అన్నయ్యా." చెయ్యి చాచింది.

ఔలిస్ లేచి టీవీ కట్టేశాడు. "ఎవరు పోయారు?" అన్నాడు.

"ఎవరూ పోలేదు."

ఆయన ఆ చేతివంక చూస్తూ నిలబడ్డాడు. "మొదటి ఏడాది ప్రతి శనివారం ఈ తలుపు వెనకాలే నిలబడేవాణ్ణి, ఇవాళ లోపలికి వస్తావేమోనని. నువ్వు కిటికీ తట్టి పోయేదానివి. తర్వాత మానేశాను. ఇప్పుడు ఆ మాటకు బదులు నా దగ్గర లేదే. నమ్మకుండా అంటే అబద్ధమవుతుంది."

"నిన్ను అనమని రాలేదు. నేను అనడానికి వచ్చాను."

"వాళ్ళకు తెలిస్తే?"

"తెలుస్తుంది. నేనే చెబుతాను."

"పిచ్చిదానా! నాకైతే టీవీ ఉంది. నీకేముంది?"

సైమా చాచిన చెయ్యి మాత్రం దించలేదు. ఔలిస్ ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని "పైవా, సైమా" అన్నాడు. ఆ తర్వాత, "కాళ్ళు తుడుచుకుని లోపలికి రా. నేలంతా తడి చేస్తున్నావు" అన్నాడు.

మర్నాడు ఆరాధన ముగిశాక సైమా లేచి నిలబడింది. మాలో మనసు బరువైనవాళ్ళు అలా లేచి క్షమాపణ అడుగుతారు. చుట్టూ ఉన్నవాళ్ళు చేతులెత్తి, యేసు నామంలో, ఆయన రక్తంలో నీ పాపాలన్నీ క్షమించబడ్డాయి, నమ్ము అంటారు. సైమా ఆ మాట వందసార్లు విని ఉంటుంది. విన్న ప్రతిసారీ ఒళ్ళంతా తేలికయ్యేది.

"నా దగ్గర ఒక పాపముంది. క్షమించండి" అంది. అప్పుడే కొన్ని చేతులు లేచాయి. "పదకొండేళ్ళు నా సొంత అన్నకు వందనం చెప్పలేదు. నిన్న చెప్పాను."

లేచిన చేతులు లేచినచోటే ఆగిపోయాయి. ఏ నోటా ఆ మాట రాలేదు. ఎలా వస్తుంది? ఆవిడ పాపం క్షమిస్తే తాము చేస్తున్నదీ అదేనని ఒప్పుకోవాలి.

ఉర్హో నెమ్మదిగా దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. "చెప్పకపోవడం పాపం కాదమ్మా. నిన్న చెప్పావే, దానికి అడుగు. ఇప్పుడే, ఇక్కడే అందరం క్షమిస్తాం. ఒక్క మాట."

అందరూ అదే కోరుకుంటున్నారు. హిల్యా అయితే కళ్ళనీళ్ళతో తల ఊపుతోంది, అను, అనెయ్యవే అన్నట్టు. సైమాకు ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే అన్నీ తిరిగొస్తాయి, చేతులు, బెంచీ చివర చోటు, కాఫీ గిన్నెలు. "నిన్నటిది పాపం కాదు ఉర్హో, నేనెలా అడగను?" అంది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఇంకాసేపు నిలబడింది. పిల్లలు కదలడం మొదలుపెట్టారు. వంటగదిలో కాఫీ పొంగిన వాసన వచ్చింది, వెళ్ళి దించింది.

పై ఆదివారం గుమ్మం దగ్గర హిల్యా నిలబడి ఉంది. సంచీ కుడిచేతిలో ఉంది. నేల చూపులు చూస్తూ, "పైవా, సైమా" అంది.

ఆ మాట సైమా పదకొండేళ్ళు చెప్పింది గానీ, చిన్ననాటి నేస్తం నోట వినడం అదే మొదటిసారి. దుకాణంలో ఔలిస్‌కు ఇలాగే ఉండి ఉంటుందని అప్పుడు తెలిసింది. వెనక్కి తిరిగి పోదామనుకుంది. ఎదుట ఎవరున్నా తాను ఏమనాలో మాత్రం చదివే వచ్చింది. "దేవుని వందనం, హిల్యా" అంది. హిల్యా దెబ్బ తగిలినట్టు తలెత్తి చూసి, చప్పున లోపలికి వెళ్ళిపోయింది.

లోపల కాఫీ దగ్గర వేరే ఆవిడ ఏప్రాన్ కట్టుకుని ఉంది. సైమా ఆఖరి బెంచీలో కూర్చుంది. ఆ బెంచీ మొత్తం ఖాళీ.

అది మొదలు ప్రతి ఆదివారం అంతే. గుమ్మం దగ్గర నలభై మంది పైవా అనేవారు, నలభై మందికీ దేవుని వందనం చెప్పి లోపలికి వెళ్ళేది. కొందరు ఆ మాట వినవలసి వస్తుందని పక్క తలుపు నుంచి రావడం మొదలుపెట్టారు. పాతబట్టల మూటలు రావడం మానేశాయి. నేయడానికి పేలికలు లేక ఔలిస్ చొక్కాలు చీల్చింది, ఆయన ఉన్న రెండు చొక్కాలూ దాచుకున్నాడు. ఇంట్లో కొన్ని రోజులు సొంత గొంతు వినబడక, చదువుకునేది కూడా పైకే చదివేది. ఏడుపొచ్చిన రోజులున్నాయి. లేవని అనను.

రెండేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం మందిరం నుంచి నడిచి వస్తుంటే బావి దగ్గర ఔలిస్ ఎదురయ్యాడు. ఆవిడ ముఖం చూసి ఆయనకు ఒళ్ళు మండింది.

"ఒక్కడైనా బదులు చెప్పాడా ఇవాళ?"

"లేదు."

"చెప్పరు. చచ్చేదాకా చెప్పరు. బుద్ధి లేదూ నీకు? బదులు పలకనివాళ్ళ దగ్గరికి ప్రతి వారం ఏ మొహం పెట్టుకుని వెళ్తావే?"

సైమా ఆయన చేతిలోంచి బకెట్టు అందుకుంది.

"నువ్వూ పలకవుగా అన్నయ్యా. నీ దగ్గరికి రావట్లేదూ?"