పొగ లేని కుంపటి

మా ఆవిడ దసరా ముందు పోయింది. ఆ వెనకే గోదావరిఖనికి చలి వచ్చింది. పెద్దపల్లిలో ఉండే మా అమ్మాయి రోజూ ఫోను చేసి "ఇంక వచ్చెయ్ బాపూ" అనేది. అల్లుడింట్లో మకాం పెట్టడం మా వంశంలో లేదు. భూములు పోయాయి, ఊళ్లో పెద్దరికం పోయింది, ఆ పట్టుదల మాత్రం నాదాకా మిగిలింది. ఈ చలికాలం ఒంటరిగా నెట్టుకొస్తే ఈ రెండు గదులు, ఆవిడ సర్దిన అలమరా నాకు దక్కుతాయి. ఏ తేడా వచ్చినా అమ్మాయి నన్ను తీసుకుపోతుంది.

మా వీధిలో తెల్లారితే ప్రతి గడప ముందూ బొగ్గు కుంపటి పొగలు కక్కుతుంది. మా ఇంట్లో ముప్పై ఏళ్లు ఆవిడ అంటించింది, నేను పేపరు చదివాను. చూస్తూనే ఉన్నాను కదా, అందులో విద్య ఏముంది? మొదటిరోజు సగం అగ్గిపెట్టె అయిపోయింది. నాలుగో రోజుకు నిప్పు నా మాట వింది.

ఆ పొద్దున చలి మరీ ఎక్కువ. పొగంతా పోయి బొగ్గులు ఎర్రబడ్డాక కుంపటిని గదిలోకి తెచ్చుకున్నాను. ఆవిడ దాన్ని ఎన్నడూ గడప దాటనివ్వలేదు. నేల మసవుతుందని కాబోలు అనుకునేవాణ్ని. తలుపు, కిటికీ మూసి, ఆవిడ శాలువా కప్పుకుని కూర్చున్నాను. ఎన్నాళ్లకో ఒళ్లు వెచ్చబడింది. తల బరువెక్కితే దుఃఖమనుకున్నాను. కునుకు పట్టింది.

తలుపు దబదబా మోగింది. లేవబోతే కాళ్లు నా మాట వినలేదు. గోడ పట్టుకుని ఎలాగో గడియ తీశాను. బొగ్గు గనిలో రాత్రి డ్యూటీ దిగొచ్చిన పక్కింటాయన నన్ను రెక్క పట్టి బయటికి లాగి, కుంపటిని వాకిట్లో పడేసి, కిటికీ తెరిచాడు.

"ఏంది పటేలా, సావాలనుకున్నవా?"

"పొగ పోయినంకనే తెచ్చిన," అన్నాను, వాంతి చేసుకుంటూనే, వీలైనంత హుందాగా.

"పొగ పోతె గ్యాసు పోతదా? బొగ్గుబాయిల దిగెటోళ్లను అడుగు. దానికి వాసనుండది, రంగుండది. మంచిగ నిద్రవుచ్చి తీస్కపోతది. నేను స్నానానికి పోయెటప్పుడు కుంపటి నీ గడప ముంగట్నే ఉండె. వచ్చి చూస్తె కుంపటి లేదు, తలుపు బంద్! నడువు దవాఖానకు. నీ బిడ్డకు ఫోన్ కొడ్త."

"ఫోనొద్దు," అన్నాను. ఎవరినీ బతిమాలని గొంతు బతిమాలింది.

"గట్లయితె నువ్వే చెప్పు. దాస్తివా, నేనే చెప్త."

దవాఖానలో కాసేపు ఆక్సిజన్ పెట్టి పంపారు. మధ్యాహ్నం నేనే ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మాయి అంతా వింది. తర్వాత "అమ్మ పోయి రెండు నెల్లన్న కాలే బాపూ," అంది. ఇంక కుంపటి లోపలికి తేనన్నాను. "పక్కింటి కాకకు ఫోనియ్యి," అంది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నాడాయన. "కుంపటి గుంజుకున్న. రోజు పొద్దుగాల మా మంటకాడ కూసుంటడు. రాకుంటె నీకే చెప్త, వచ్చి తీస్కపో."

నా ఎదుటే నా సంగతి తేల్చేశారు. నన్నెవరూ అడగలేదు.

మర్నాడు వాళ్ల మంట దగ్గరికి కుర్చీ మోసుకెళ్లాను. "అంత ఎత్తుల సెగ తాకదు పటేలా," అని నవ్వి పీట జరిపాడు. కూర్చున్నాను.

"మీ ఇంట్ల అమ్మ ఉన్నప్పుడు గీ యాళ్లకు ఏం చేస్తుండె?" అని అడిగాడు.

"నన్ను తిడుతుండె," అన్నాను.

"ఎందుకు?"

చెప్పడం మొదలుపెట్టాను. రాత్రంతా పనిచేసొచ్చిన మనిషి పడుకునే వేళ దాటిపోయింది. ఆయన లేవలేదు.