లాప్‌టాప్ వెనక ఫ్లోరెన్స్ టీచరు

రేపల్లెలో ఫ్లోరెన్స్ టీచరు ఇంగ్లీషు చెప్పే పద్ధతి మీద ఒక వేళాకోళం ఉంది. ఆవిడ ఇల్లు ఊడ్చి, అంట్లు తోమి, చిక్కుడుకాయల ఈనెలు తీసిపెడితే చాలు, ఇంగ్లీషు దానంతటదే వస్తుందట. అందులో నిజం లేకపోలేదు. ట్యూషన్‌కి వచ్చిన పిల్లల చేతికి ఆవిడ ముందు ఏదో ఒక పని ఇస్తుంది. చేస్తూ చెప్పమంటుంది. ఎప్పుడో మొదలుపెట్టి ఇంకా చేస్తూనే ఉన్న పని గురించి చెప్పే 'హ్యావ్ బీన్' వాక్యాల దగ్గర మరీ పట్టుదల. కాసేపు ఊడ్చాక, ఇంకా ఊడుస్తూనే, 'ఐ హ్యావ్ బీన్ స్వీపింగ్ సిన్స్ ఫైవ్ ఓ క్లాక్' అనాలి. చీపురు ముట్టుకోకుండా అంటే ఒప్పుకోదు.

"ఊడవలేదుగా నువ్వు. మరి అబద్ధం ఎందుకు చెప్తున్నావు?" అంటుంది.

ఆవిడ భట్టిప్రోలులో కూలికి వెళ్ళే యేసుదాసు కూతురు. ఇంగ్లీషు ఎవరూ దగ్గర కూర్చోబెట్టి నేర్పలేదు. టిఫిన్ కొట్లో పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత ఇంగ్లీషు పేపర్లు అడిగి తెచ్చుకుని, చదివి, వంట చేస్తూ ఆ వంట గురించే పైకి ఇంగ్లీషులో చెప్పుకుంటూ నేర్చుకుంది. చేతికి తగలని మాట నోటికి రాదని ఆవిడ నమ్మకం.

ట్యూషన్ పిల్లలు తగ్గిపోయాక తెనాలిలో కిరణ్ కుమార్ నడిపే స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లో చేరింది. చీరల కొట్టు పైన మేడ. మెట్ల మీద అత్తరు వాసన, గోడ నిండా నవ్వు ముఖాల ఫ్లెక్సీలు. వాటిలో ఫ్లోరెన్స్ టీచరు ఫొటో కూడా ఒకటి. తెల్లగా కనపడేలా దానికి రంగులు దిద్దారు. రోజూ ఆ ముఖం పక్క నుంచే పైకి ఎక్కాలి. చూసినప్పుడల్లా ఒళ్ళు చీదరగా ఉండేది.

విశాఖపట్నంలో మంచాన పడ్డ ముసలివాళ్ళను చూసుకునే సంస్థ ఒకటి మనుషుల్ని తీసుకుంటోందని తెలిసి, కిరణ్ కుమార్ ఒక బ్యాచ్ మొదలుపెట్టాడు. ఇంటర్వ్యూ వీడియోలో, ఇంగ్లీషులో జరుగుతుంది. దానికి ఒకటే కాగితం రాశాడు. అందరికీ అదే. 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఇన్ ఎ హాస్పిటల్ ఫర్ టూ ఇయర్స్.' ఆసుపత్రి గడప తొక్కని ఆడపిల్లలంతా కళ్ళు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, ఎక్కాలు వల్లించినట్టు కోరస్‌గా అనేవాళ్ళు.

"వాక్యంలో తప్పేముంది మేడమ్?" అన్నాడు కిరణ్ కుమార్.

"వాక్యంలో ఏం లేదండి. పిల్లల్లోనే ఆసుపత్రి లేదు."

"మీకు పాతకాలం పట్టింపులండి. ఫ్లో రావాలి, ఫ్లో."

ఆ బ్యాచ్‌లో బాపట్ల నుంచి వచ్చే నాగజ్యోతి ఉంది. సొంతూరు ఈపురుపాలెం, మగ్గాల కుటుంబం; ఇప్పుడు ఉండేది బాపట్లలో. తాత పేరయ్యకు పక్షవాతం వచ్చి ఒక పక్కంతా పడిపోయింది. రెండేళ్ళుగా ఆయన్ను ఒత్తిగిలించడం, కడగడం, పక్కగుడ్డలు మార్చడం అన్నీ ఆ పిల్లే. క్లాసు మానేస్తోందని ఒకరోజు ఫ్లోరెన్స్ టీచరు బాపట్ల వెళ్ళింది. గదిలో మూత్రం వాసన ఉంది, కానీ ముసలాయన ఒంటి మీద ఒక్క పుండు లేదు. టీచరు కొంగు బిగించి ఆయన భుజం కింద చెయ్యి వేసింది. నాగజ్యోతి నడుము దగ్గర పట్టుకుంది. ఇద్దరూ తిప్పుతూ, ఆ పని గురించే ఇంగ్లీషులో చెప్పుకున్నారు.

"ఏంటమ్మా, నన్ను దొర్లిస్తా కూడా ఇంగ్లీషేనా," అన్నాడు పేరయ్య. "నేను గనక గుడ్‌బై అంటే కంగారు పడమాకండి."

మర్నాడు సెంటర్లో నాగజ్యోతి ఆ మాటలే చెప్పబోయింది. కిరణ్ కుమార్ ముక్కు చిట్లించాడు.

"పక్కగుడ్డలు ఉతికానని చెప్తావా ఇంటర్వ్యూలో? ఛీ. వినేవాళ్ళకి రోత పుట్టదూ? కాగితంలో ఉన్నది చెప్పు."

ముసలివాళ్ళ పక్కగుడ్డలు మార్చే ఉద్యోగానికి పంపిస్తూ పక్కగుడ్డలంటే రోతపడే మనిషిని ఫ్లోరెన్స్ టీచరు అలా చూస్తూ ఉండిపోయింది. ఆవిడకు ఆ మనిషి మీదే రోత పుట్టింది.

ఇంటర్వ్యూ రోజు ఆవిడకు అప్పగించిన పని బోధన కాదు. జవాబులు పెద్ద అక్షరాలతో రాసిన చార్టు ఎత్తి పట్టుకుని, అవతలివాళ్ళకు కనపడకుండా లాప్‌టాప్ వెనక నిలబడాలి. పట్టుకుంది. ఉద్యోగం పోతే రేపల్లెలో ఇంకో దారి లేదు.

మొదట కూర్చున్న పిల్లలు ఒకే వాక్యం, ఒకే ఊపుతో చెప్పారు. విశాఖ నుంచి అడుగుతున్న ఆవిడ ముఖం క్రమంగా బిగుసుకుంది. తర్వాత వేటపాలెం నుంచి వచ్చిన రూబీ కూర్చుంది. జీడిపప్పు యూనిట్లో పనిచేసే పిల్ల. జీడి నూనె తగిలి వేళ్ళు నల్లబడితే, అవి కనపడకూడదని కిరణ్ కుమార్ చేతులు బల్ల కింద పెట్టించాడు.

"వాట్ హ్యావ్ యూ బీన్ డూయింగ్ సిన్స్ మార్నింగ్?" అని అడిగింది అవతలావిడ.

చార్టు చూస్తూ, "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఇన్ ఎ హాస్పిటల్ ఫర్ టూ ఇయర్స్," అంది రూబీ.

అవతలావిడ థాంక్యూ అంది. అక్కడితో అయిపోయింది. రూబీ బల్ల కింది నుంచి చేతులు తీసి చున్నీలో దాచుకుని, లేచి వెళ్ళిపోయింది.

నాగజ్యోతి వచ్చి కూర్చుంది. ఈ ఉద్యోగం రాకపోతే వచ్చే నెల నుంచి బట్టల కొట్లో నిలబడాలని ఇంట్లో తేల్చేశారు. ఫ్లోరెన్స్ టీచరు చార్టు దించేసింది. మడిచి చంకలో పెట్టుకుంది. తలుపు దగ్గర కిరణ్ కుమార్ కళ్ళతోనే అరిచాడు. నాగజ్యోతి ముఖం పాలిపోయింది. అవతలావిడ మళ్ళీ అదే ప్రశ్న అడిగింది.

టీచరు రెండు చేతులూ చాచి, గాలిలో ఒక బరువును నెమ్మదిగా పక్కకు తిప్పింది.

నాగజ్యోతి చేతులు కూడా లేచాయి. "ఐ హ్యావ్ బీన్ టర్నింగ్ మై గ్రాండ్‌ఫాదర్," అని ఆగింది. తర్వాత ఆగలేదు. తప్పులు దొర్లాయి, మాటలు దొరక్కపోతే చేతులతో చూపించింది. చర్మం లాగకుండా దుప్పటి ఎలా తీయాలో కుర్చీలో దిండుతో చూపించమంది అవతలావిడ. చూపించింది. సర్టిఫికెట్ లేదు కాబట్టి ముందు శిక్షణలోకి తీసుకుంటామని, ఒకటో తారీఖుకు రమ్మని చెప్పింది.

బయటికి వచ్చాక నాగజ్యోతి సంతోషపడలేదు, ముందు మండిపడింది.

"నన్నడక్కుండా ఎలా దించుతారండి? నోరు పెగలకపోతే మీరొచ్చి మా అమ్మకి చెప్పేవాళ్ళా?"

"లేదమ్మా. అడగాల్సింది."

కిరణ్ కుమార్ అప్పటికే ఫోను ఎత్తి పట్టుకుని నవ్వుతూ వస్తున్నాడు. "జ్యోతీ, ఇలా చూడు. మన సెంటర్ కాగితం వల్లే వచ్చిందని ఒక్క ముక్క చెప్పు."

ఫ్లోరెన్స్ టీచరుకు ఇక అక్కడ గాలి పీల్చబుద్ధి కాలేదు. చార్టు కుర్చీలో పడేసి మెట్లు దిగింది. సగం మెట్ల దగ్గర, ఆ ఫ్లెక్సీ కింద, రూబీ కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగినట్టుంది.

"జ్యోతికి వచ్చిందంటగా టీచర్ గారూ."

"వచ్చింది."

"దానికి చార్టు దించారంట." రూబీ తన నల్లటి వేళ్ళకేసి చూసుకుంది. "మా నాయనమ్మ పోయేదాకా నేనే చూశానండి. నాకెందుకు దించలేదు?"

అంతసేపూ కిరణ్ కుమార్ మీదే అనుకున్న రోతలో తనకూ వాటా ఉందని ఫ్లోరెన్స్ టీచరుకు అప్పుడు తెలిసింది. చార్టు పట్టుకున్న చేతుల్ని చీర అంచుకు తుడుచుకుంది.

"లే. పైకి పద. ఇంకా పిల్లలు మిగిలారుగా, ఆ విశాఖావిడ లైన్లోనే ఉంటది, మళ్ళీ అడుగుదాం."

"సార్ ఒప్పుకోరండి."

"ఒప్పుకోకపోతే ఇద్దరం కలిసే దిగి వచ్చేద్దాం. నాయనమ్మకి అన్నం ఎలా పెట్టేదానివో ఈ మెట్లు ఎక్కే లోపు నాకు చెప్పు. ముందు తెలుగులోనే చెప్పు."

రూబీ లేచింది. గొంతు సవరించుకుని, పై మెట్టు ఎక్కుతూ చెప్పడం మొదలుపెట్టింది.