ఎనిమిదో రోజు ఆపిన సూది

మా ఆస్పత్రి సర్జన్ గారు పోయారని మొన్న పొద్దున్న ఫోన్ వచ్చింది. హుకుంపేటలో మా ఇంటి ముందు బట్టలు ఆరేస్తున్నాను. ఎదురుగా ఉండాల్సిన కొండ లేదు, అంతా మంచే. వార్త విన్నాక కూడా నా చేతులు బట్టలు ఆరేస్తూనే ఉన్నాయి.

అరకులోయలో ఆయన దగ్గర పదకొండేళ్ళు నర్సుగా పనిచేశాను. మైదానం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. రౌండ్స్‌లో నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. రోగి పొట్ట మీద అరచెయ్యి ఆనించి, కిటికీలోంచి మంచును చూస్తూ ఉండిపోయేవారు. నిలబడే నిద్రపోయారేమో అనుకునేవాళ్ళం. ఎక్కడో సొరంగం దాటిన రైలు కూత వినిపించి ఆగిపోయేది. అప్పుడు మెల్లగా, "మెత్తబడిందమ్మా, ఇంక పర్లేదు" అనేవారు. ఆ మాటతో మా ప్రాణాలు కుదుటపడేవి.

మా కొండల్లో సూది మీద ఉన్నంత నమ్మకం దేని మీదా లేదు. ఎన్ని సూదులు పొడిస్తే అంత మంచి వైద్యం. నర్సు చదువు చదివినా నాకూ అది పోలేదు. మా అమ్మ మంచాన పడ్డప్పుడు బయటపడింది.

పేగుకు చిల్లు పడి, కడుపంతా చీము పట్టి వచ్చింది అమ్మ. ఆయన కోసి, కడిగి, కుట్టారు. రోజూ యాంటీబయాటిక్ సూదులు పడ్డాయి. జ్వరం దిగింది, గంజి తాగింది. ఎనిమిదో రోజు కేస్‌షీట్‌లో ఆ మందు కొట్టేశారు. పదిహేను రోజులైనా ఇవ్వకపోతే ఎలా అని ఆయన వెంటపడ్డాను.

"సీము కడిగేశాం. మిగిలింది మందు సూసుకుంది. ఇంక ఒంటిని దాని పని సేసుకోనీ," అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ ఒళ్ళు కాస్త వెచ్చబడింది. నా బుద్ధి గడ్డి తిన్నది. ఆయనకు చెప్పకుండా మందు కలిపి, సిరంజితో మంచం దగ్గరికి వెళ్ళాను. వెనక ఎప్పుడొచ్చి నిలబడ్డారో.

"ఆ సూది మీ అమ్మకేటమ్మా, నీ బయానికా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన తిట్టలేదు. సిరంజి తీసి ట్రేలో పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. "జొరం పెరిగితే లోపల ఏటుందో స్కాన్ తీసి ఎతుకుదాం. ఊరికే మందు పోసుకుంటూ పోతే, రేపు అవసరానికి అది పని సెయ్యదు." అమ్మ మణికట్టు పట్టుకుని సాయంత్రం దాకా కదల్లేదు. అమ్మ నిద్రపోయింది. నాకూ కునుకు పట్టింది. లేచేసరికి అమ్మ నుదురు చల్లగా ఉంది. జ్వరం మళ్ళీ రాలేదు. అలాంటి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

తొమ్మిదేళ్ళయింది. అమ్మ ఇప్పటికీ కాఫీ తోటకు నడిచే వెళుతుంది.

నిన్న చిక్కుడు కొత్త పండగ చేసుకున్నాం. కొత్త పంటను పోయిన పెద్దలకు పెట్టనిదే మేం నోట పెట్టం. అమ్మ తాతకు, నాయనమ్మకు, నాన్నకు ఆకులు వేసింది. నాన్న పక్కన ఇంకో ఆకు వేసింది.

"అదెవరికమ్మా?"

"డాట్రు బాబుకి."

"ఆయన మన ఇంటోడు కాదు కదా."

అమ్మ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "నా కడుపులో సెయ్యెట్టి బతికించినోడు. పరాయోడెలాగవుతాడే?"

ఉడికిన చిక్కుళ్ళు పిడికెడు ఆ ఆకులో పెట్టింది. తెరిచిన తలుపులోంచి మంచు లోపలికి వచ్చి ఆకు మీది ఆవిరితో కలిసిపోయింది. ఆయన తినేదాకా మేం పక్కనే కూర్చున్నాం.